పసుపుగుడ్డ చిట్టా

లెక్క రాసే ప్రతివాళ్లకూ లెక్క వచ్చుననుకోకూడదు. ఇది నేను కనిపెట్టిన సత్యమేమీ కాదు. పాలవాడి లెక్క గోడమీద బొగ్గుతో గీసుకున్న తరం ఇల్లాళ్లందరికీ తెలిసిందే. ఇల్లాలి గోడమీద ఇరవై ఎనిమిది గీతలుంటే పాలవాడి పుస్తకంలో ముప్పయ్యొక్కటి ఉంటాయి. ఆ మాటకొస్తే ఇద్దరూ అబద్ధమాడరు. తెచ్చిన రోజులన్నీ వాడు రాసుకుంటాడు, నీళ్లపాలు పోసిన రోజులు ఈవిడ కొట్టేస్తుంది. నెలాఖరున గుమ్మం దగ్గర జరిగే ఆ సంవాదంలో న్యాయం ఎటున్నదో తేల్చడం హైకోర్టు జడ్జీల తరం కూడా కాదు.

ఈ గోడలెక్కకు అమెరికాలో ఒక పినతల్లి బిడ్డ ఉన్నది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులు సీజన్ పొడుగునా రాసుకునే పెనాల్టీల చిట్టా అది. ఆగస్టు చివర మొదలుపెట్టి డిసెంబరు తొలివారాలదాకా ఒక్కొక్క జట్టూ పన్నెండేసి ఆటలు ఆడుతుంది. ఏ ఆటలో మన జట్టుమీద ఎన్ని తప్పులు పట్టారు, ఎన్ని గజాలు పోయాయి, అవతలివాళ్లమీద ఎన్ని పట్టారు, ఏ రిఫరీ బృందం వచ్చినప్పుడు మన కొంప మునిగింది - ఇవన్నీ వారం వారం ఎక్కించి, చివర కూడిక వేసి, కింద తీర్పు రాస్తారు. ఆ తీర్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "మాకు అన్యాయం జరిగింది."

ఆటల గొడవ సాహిత్యపు పేజీలో ఎందుకమ్మా అంటారేమో. ఈ చిట్టాలు సాహిత్యమేనని నా వాదన. వారం వారం సాగుతాయి గనుక సీరియల్ అనాలి. కథానాయకుడున్నాడు, కష్టాలున్నాయి, చారల చొక్కా తొడుక్కున్న ప్రతినాయకుడున్నాడు. ఇన్ని ఉన్న తరువాత దాన్ని విమర్శకు నిలబెట్టకుండా వదిలిపెట్టడం మర్యాద కాదు.

ముందు ఆ ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పేరుకు ఫుట్‌బాలే గాని, కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ. బంతి కోలగా ఉంటుంది. మైదానం నూరు గజాలు. ఒక్కో జట్టుకు పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలిస్తారు. వాటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో పదిగజాలు ముందుకు జరిగితే మళ్లీ కొత్తగా నాలుగు, జరగలేకపోతే బంతి అవతలివాళ్ల పరం. కొసన ఉన్న గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. తప్పు చేసిన జట్టును, తప్పునుబట్టి ఐదు, పది, పదిహేను గజాలు వెనక్కి జరుపుతారు. పెనాల్టీ అంటే అదీ. మన పల్లెల్లో పొలంగట్టు తగాదాలు చూసినవాళ్లకు గజం నేల విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఆ తగాదా చూడడానికి లక్షమంది టిక్కెట్టు కొనుక్కుని వస్తారు. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో ఒక్కసారే లక్షా ఏడువేలమంది కూర్చోవచ్చు.

ఈ తగాదా తీర్చడానికి పెద్ద కాన్ఫరెన్సుల ఆటల్లో ఎనిమిదిమంది మధ్యస్థులుంటారు. తప్పు కంటబడగానే నడుముకు దోపుకున్న పసుపుపచ్చని గుడ్డ తీసి నేలమీదికి విసురుతారు. మనం పసుపుగుడ్డలో ముడుపు కట్టి దేవుడికి మొక్కుకుంటాం. వాళ్లు పసుపుగుడ్డ చూడగానే దేవుణ్ణి తలుచుకుంటారు. పెద్ద తేడా లేదు.

ఆ గుడ్డ ఎక్కడనుంచి వచ్చిందో తెలిస్తే మీకు నవ్వూ వస్తుంది, కాస్త గర్వమూ కలుగుతుంది. పూర్వం తప్పు పట్టిన అధికారి బూర ఊదేవాడు. చూసేవాళ్ల అరుపుల్లో ఆ బూర ఎవరికీ వినిపించేది కాదు. ఒహాయో రాష్ట్రంలో యంగ్స్‌టౌన్ కాలేజీ కోచ్ డ్వైట్ బీడీకి ఈ అయోమయం నచ్చలేదు. భార్య ఇర్మాతో చెప్పాడు. ఆవిడ ఇంట్లో పడివున్న పాత ఎర్రగుడ్డా, పాత దుప్పటి తెల్లగుడ్డా కత్తిరించి జెండాలు కుట్టి, విసిరితే గాలికి ఎగిరిపోకుండా చేపలగాలానికి కట్టే సీసపు గుండ్లు కొసకు వేసింది. 1941 అక్టోబరులో ఓక్లహోమా సిటీ విశ్వవిద్యాలయంతో ఆడిన ఆటలో అవి మొదటిసారి నేలమీద పడ్డాయి. తరువాత దేశమంతా పాకాయి. 1948లో పెద్ద జీతాల జట్ల లీగు కూడా తీసుకున్నది. పసుపు రంగు తరువాత వచ్చింది. కోట్ల డాలర్ల వ్యాపారమంతా ఇవాళ ఒక ఇల్లాలు పాతగుడ్డలతో కుట్టిన ఉపాయం చుట్టూ తిరుగుతున్నది. పాతబట్టలు పారేయకండర్రా అని మన అమ్మలు ఊరికే అన్నారా?

ఇందులో నాకు నచ్చింది పొదుపొక్కటే కాదు. బూర చెవులకు చెప్పేది, అదీ దగ్గరివాళ్లకు. జెండా కళ్లకు చెబుతుంది, ఆఖరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా. తీర్పు అనేది పెద్దమనుషులు నలుగురూ చెవులు కొరుక్కునేది కాకుండా, అందరికీ కనిపించే వస్తువైంది. కనిపించినప్పుడు లెక్కపెడతారు. లెక్కపెట్టినప్పుడు రాసుకుంటారు. అంచేత ఈ చిట్టా సాహిత్యానికి ఆదికవయిత్రి ఇర్మా బీడీ అనవచ్చు.

ఇక సాహిత్యం సంగతి. మా అక్క కొడుకు ఒహాయోలో చదువుకుంటున్నాడు. మనింటి పిల్లలు ఏ ఊరు వెడితే ఆ ఊరి పిచ్చి పట్టించుకుంటారు గదా, వీడికీ పట్టింది. సీజనంతా నోటుపుస్తకంలో గళ్లు గీసి రాసిన చిట్టా ఒకటి సెలవులకు వచ్చినప్పుడు నా చేతిలో పెట్టాడు. తారీఖు, ప్రత్యర్థి, తప్పు పేరు, గజాలు, అది న్యాయమా అన్యాయమా - అన్నీ ముచ్చటగా రాశాడు. వాళ్లమ్మ చాకలి పద్దు కూడా ఇంత శుభ్రంగా రాయదు. తిరగేసి చూస్తే అన్యాయం అన్న గడి నిండా వాళ్ల జట్టుమీద పడినవే.

"మరి మీకు కలిసొచ్చిన అన్యాయాలు ఏ పేజీలో ఉన్నాయిరా?" అన్నాను.

"అవి మనమెందుకు పిన్నీ, అవతలివాళ్లు రాసుకుంటారుగా!" అన్నాడు, బొత్తిగా అనుమానం లేకుండా.

వాడిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పలేదు. ఈ సాహిత్యప్రక్రియ లక్షణం మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉన్నది. కోడలి డైరీలో అత్తగారి ఎత్తిపొడుపులుంటాయి, అత్తగారి మనసులో కోడలి నిర్లక్ష్యాలుంటాయి. రెండు పుస్తకాలూ కలిపి చదివే మనిషి ఆ ఇంట్లో ఉండదు. నవల రాసేవాళ్లకు మొదట పట్టుబడవలసిన విద్య అదే, రెండో మనిషి పుస్తకం కూడా మనమే రాయడం. ఆ విద్య లేని కథలో ప్రతినాయకుడు అట్టబొమ్మలా నిలబడతాడు. ఈ చిట్టాల్లో రిఫరీకి ఇల్లు లేదు, నడుంనొప్పి లేదు, కళ్లకు పొద్దు తగలడం లేదు. కాలేజీ ఆటల అధికారుల్లో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగాలుంటాయనీ, శనివారం పూట వచ్చి ఈ చాకిరీ చేసి వెడతారనీ అక్కడెక్కడా రాసివుండదు.

కథ అలా ఉంచి, లెక్కయినా సరిగ్గా ఉందా అంటే అదీ అంతంతమాత్రమే. ఒక్కొక్కటే చూడండి.

చేత్తో పట్టి నిలేసే తప్పును హోల్డింగ్ అంటారు. దానికి పది గజాలు. ఒక కుర్రాడు ఎనభై గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడనుకోండి, వెనకెక్కడో వాళ్లవాడే ఒకడు అవతలివాడి చొక్కా పట్టుకున్నాడని గుడ్డ పడితే, ఆ పరుగూ పోయె, ఆరు పాయింట్లూ పోయె. చిట్టాలో పడేది మాత్రం పది గజాలే! ఇంకొకటి. జట్టు తన గీతకు ఆరుగజాల దూరంలో ఉన్నప్పుడు పదిగజాలు వెనక్కి జరపడానికి చోటు లేదు గనుక సగం దూరమే జరుపుతారు. చిట్టాలో మూడు గజాలని పడుతుంది. తప్పు అదే, శిక్ష మూడోవంతు. ఇంకొక వింత చూడండి. బంతి అందుకోబోయేవాణ్ణి అడ్డగిస్తే, జీతాల లీగులో తప్పు జరిగినచోటికే బంతి తీసుకుపోతారు. కాలేజీ ఆటలో శిక్ష పదిహేను గజాలు దాటదు. యాభైగజాల దూరాన బంతి అందుకోబోతున్న కుర్రాణ్ణి గుంజి పారేసి, పదిహేను గజాల జరిమానాతో బయటపడవచ్చు. చిట్టాలో ఆ జట్టు నష్టపోయినట్టుంటుంది. నిజానికి ముప్పయ్యయిదు గజాలు మిగుల్చుకున్నది.

అన్నింటికన్న నాకు ముచ్చటేసింది వద్దనే హక్కు. తప్పు జరిగినప్పుడు శిక్ష వేయమంటారా, వదిలేయమంటారా అని నష్టపోయిన జట్టును అడుగుతారు. ఆట జరిగినదే తమకు లాభంగా ఉంటే 'వద్దులెండి' అంటారు. అలా వదిలేసిన పెనాల్టీలు అధికారిక లెక్కల్లోకి ఎక్కనే ఎక్కవు. జరిగిన తప్పు జరిగినట్టే ఉన్నది, చూసినవాళ్లు చూశారు, గుడ్డ కూడా పడింది. పద్దులో మాత్రం లేదు. సంసారాల్లో ఆడవాళ్లు 'పోనీలెండి' అని వదిలేసినవి ఏ చిట్టాలోకీ ఎక్కలేదంటే ఆశ్చర్యమేముంది!

ఇంకా పెద్ద చిక్కు, అసలు పడని గుడ్డలది. హోల్డింగ్ వెతికితే ప్రతి ఆటలోనూ దొరుకుతుందని ఆ రంగంవాళ్లే నవ్వుతూ అంటుంటారు. ఆట ఫలితంమీద దాని ప్రభావం పడితేనే పట్టండి, లేకపోతే పోనివ్వండి అని అధికారులకు శిక్షణ. పిల్లలున్న ఇల్లు నడిపేవాళ్లకు ఈ సూత్రం తెలిసిందే. ప్రతి అల్లరికీ కేకలేస్తే ఇల్లు సాగదు. కాని ఏది పట్టాలి, ఏది విడవాలి అన్న నిర్ణయంలోనే పక్షపాతమనేది ఉంటే గింటే ఉంటుంది. చిట్టా చూపించేది పట్టినవాటిని. పక్షపాతం దాక్కునేది విడిచినవాటిలో. దొంగ దొడ్డిదారిన పోతుంటే వీధిగుమ్మంలో కాపలా కాసినట్టు.

ఇంత మాత్రాన ఈ చిట్టాలు చింపి పొయ్యిలో పెట్టమనను. వాటి వెనకున్న అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఈ రిఫరీలను నియమించేది ఎవరనుకున్నారు? జట్లు సభ్యులుగా ఉన్న కాన్ఫరెన్సులే నియమిస్తాయి. అంటే పెళ్లిబేరంలో మధ్యవర్తికి భోజనం ఒక వైపువాళ్లే పెట్టినట్టు. 2006 సెప్టెంబరు 16న ఒరెగాన్ తన సొంత మైదానంలో ఓక్లహోమాను 34 - 33తో గెలిచింది. చివరి నిమిషాల్లో ఒరెగాన్ తన్నిన బంతి పదిగజాలు పోకముందే వాళ్ల కుర్రాడికే తగిలింది, తగలకూడదు. పైగా ఆ బంతి చివరకు దొరికింది ఓక్లహోమావాడికి. అయినా ఒరెగాన్‌కే ఇచ్చారు. రీప్లే యంత్రం ఉండి కూడా దిద్దలేదు. అధికారులు ఒరెగాన్ కాన్ఫరెన్సుకు చెందినవాళ్లు. ఆ కాన్ఫరెన్సే తరువాత తప్పు ఒప్పుకుని వాళ్లను ఒక ఆటకు పక్కన పెట్టింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఆ ఆటను లెక్కలోంచే కొట్టేయమని కోరాడు. కొట్టలేదు. 2015 అక్టోబరు 31న మయామీ జట్టు చివరి ఆటలో బంతిని చేతులు మార్చి మార్చి డ్యూక్ జట్టును 30 - 27తో గెలిచినప్పుడు కూడా అంతే. తొమ్మిది నిమిషాలపాటు రీప్లే చూసి మరీ తప్పుడు తీర్పు ఇచ్చారు. అధికారులను రెండు ఆటలకు ఆపారు. ఫలితం మాత్రం చెక్కుచెదరలేదు.

తప్పు చేసినవాడికి శిక్ష పడుతుంది, తప్పువల్ల పోయినది తిరిగిరాదు. ఈ న్యాయం మనకు కొత్తా?

అధికారులు అందరూ మంచివాళ్లే అనుకున్నా చిక్కు తీరదు. 2011లో టోబియాస్ మాస్కోవిట్జ్, జాన్ వెర్తీమ్ అనే ఇద్దరు రాసిన 'స్కోర్‌కాస్టింగ్' పుస్తకం, సొంతగడ్డమీద ఆడే జట్టుకుండే ఆధిక్యంలో చాలాభాగం రిఫరీల చలవేనని వాదించింది. లంచాలు తినికాదు సుమండీ. వేలమంది ఒక్కగొంతుతో అరుస్తుంటే మనిషి మనసు తనకు తెలియకుండానే అటు ఒరుగుతుందట. ఇంటినిండా మగపెళ్లివారు కూర్చున్నప్పుడు పురోహితుడి గొంతు ఎటు ఒరుగుతుందో చూసినవాళ్లకు ఈ పరిశోధన అవసరం లేదు. కాని రాసి చూపిస్తేగాని లోకం నమ్మదు. అందుకే చిట్టా కావాలి. లెక్క అడిగే కన్ను ఒకటి ఉన్నదని తెలిస్తే తూచేవాడి చెయ్యి నిదానిస్తుంది.

మరి నా ఫిర్యాదు ఏమిటంటారా? ఈ చిట్టాలో రెండు గళ్లు తక్కువయ్యాయి.

ఒకటి, ఆ గుడ్డ ఎందుకు పడుతుందో చెప్పే గడి. 1905 సీజన్లో ఈ ఆట ఆడుతూ సుమారు ఇరవైమంది కుర్రాళ్లు చనిపోయారు. ఆ అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాది నిబంధనలు మార్చారు. గుంపుగా మీదపడి కుమ్ముకునే ఆట తగ్గి, బంతిని గాలిలో ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఆ సంస్కరణ కోసం పుట్టిన సంఘమే తరువాత ఎన్.సి.ఎ.ఎ. అయింది. అంటే ఈ నిబంధనలు ఆటకు నగిషీలు కావు. పిల్లలు పోయిన ఇళ్ల ఏడుపులోంచి పుట్టినవి. ఇప్పటి టార్గెటింగ్ నిబంధన కూడా ఆ వంశంలోదే. ప్రత్యర్థి తలనో మెడనో గురిచూసి గుద్దితే పదిహేను గజాలు, 2013 నుంచి ఆటలోంచి వెళ్లగొట్టడం కూడా. మొదటి ఏడాది దీనికి ఒక తమాషా ఉండేది. రీప్లేలో చూసి తప్పు కాదని తేలితే కుర్రాణ్ణి లోపలికి పిలిచేవాళ్లు గాని, పదిహేను గజాలు తిరిగి ఇచ్చేవాళ్లు కాదు! 2014లో దాన్ని సర్దారు.

చిట్టాలో ఈ టార్గెటింగ్ పదిహేనూ, అడ్డగించిన పదిహేనూ ఒకే వరసలో ఒకే అంకెగా కూర్చుంటాయి. ఒకటి బంతికి సంబంధించిన నష్టం, ఇంకొకటి ఎవరో కన్న బిడ్డ వెన్నెముక. 'మనవాడిమీద అన్యాయంగా పదిహేను గజాలు వేశారు' అని రాసుకున్న చేయి, అవతల నేలమీద కదలకుండా పడుకున్న కుర్రాడు లేచాడా లేదా అని రాసుకోలేదు. 2021దాకా ఈ కుర్రాళ్లు తమ పేరు అమ్ముకుని సంపాదించడానికి కూడా నిబంధన ఒప్పుకునేది కాదు. 2025లో గాని విశ్వవిద్యాలయాలు నేరుగా డబ్బివ్వడానికి దారి ఏర్పడలేదు. వాళ్ల కోచ్‌లలో కొందరి జీతాలు అప్పటికే ఏడాదికి కోటి డాలర్లు దాటాయి. గజాలు లెక్కపెట్టే సాహిత్యం మెడలు లెక్కపెట్టకపోతే అది కంటికి ఆనని లోపం కాదు.

మైదానంలో ఇంకొక మనిషి కూడా ఉన్నది. 2007లో సారా థామస్ అనే ఆవిడ పెద్ద కాలేజీ ఆటకు అధికారిగా పనిచేసిన మొదటి స్త్రీ అయింది. 2015లో జీతాల లీగు ఆవిడను పూర్తిస్థాయి అధికారిగా తీసుకున్నది. తొలిరోజుల్లో జడను టోపీలోకి దోపేసుకుని నిలబడేదట, ఆడమనిషి అని దూరానికి తెలియకుండా. ఆ చారల చొక్కాలో మనిషి ఉన్నదని గుర్తుపెట్టుకోవడానికి ఈ ఒక్క జడ చాలదా? 2006 ఆట తరువాత రీప్లే అధికారికి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. పాపం, ఆయన ఆ సీజన్‌కు సెలవు పెట్టేశాడు. 2024 అక్టోబరు 19న టెక్సస్ - జార్జియా ఆటలో, తమ జట్టుమీద పడిన గుడ్డకు కోపమొచ్చి టెక్సస్ అభిమానులు సీసాలు మైదానంలోకి విసిరారు. అవి ఏరే ఆలస్యంలో అధికారులు మళ్లీ మాట్లాడుకుని తీర్పు మార్చారు. మార్చిన తీర్పే సరైనదని కాన్ఫరెన్సు చెప్పింది. అయినా టెక్సస్‌కు రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది, సీసాలు విసిరి న్యాయం తెచ్చుకోవచ్చునన్న పాఠం ఎవరూ నేర్చుకోకూడదని. ఆ ఆటలో చివరకు గెలిచింది జార్జియానే, 30 - 15తో. ఏడాదంతా అన్యాయాల పద్దు ఒక్కటే చదువుకున్న చేతికి సీసా చిక్కడం ఎంతసేపు?

తక్కువైన రెండో గడి, మనకు పొరపాటున ముట్టినదాన్ని రాసుకునే గడి. దీనికి రెండు ఆటలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

1990 అక్టోబరు 6న మిసోరీ మైదానంలో కొలరాడో జట్టు చివరి క్షణంలో టచ్‌డౌన్ చేసి 33 - 31తో గెలిచింది. అది నాలుగో ప్రయత్నం కాదు, ఐదోది. ఎన్నో ప్రయత్నమో చూపించే పలక మార్చడం మరిచిపోయారు, అధికారులు ఎవరూ గమనించలేదు. కొలరాడో వైపు న్యాయం లేకపోలేదు. పలకను నమ్మి, ఇంకొక ప్రయత్నం ఉన్నదనుకునే వాళ్లు గడియారం ఆపడానికి బంతిని నేలకు కొట్టి ఒకటి వృథా చేశారు. అధికారుల బృందాన్ని సస్పెండు చేశారు. కొలరాడో కోచ్ బిల్ మెకార్ట్‌నీ గెలుపు వదులుకోనన్నాడు, మైదానం జారుడుగా ఉండి తమవాళ్లు పడిపోయారని ఎదురు ఫిర్యాదు చేశాడు. ఆ ఏడాది కొలరాడో దేశంలో ప్రథమస్థానం జార్జియాటెక్‌తో పంచుకున్నది. ఆ జట్టు చిట్టాలో ఆ రోజు అన్యాయం మైదానం జారడం.

దానికి యాభై ఏళ్లముందు, 1940 నవంబరు 16న, కార్నెల్ జట్టు డార్ట్‌మత్ మీద సరిగ్గా ఇలాగే గెలిచింది. చివరి క్షణం, ఐదో ప్రయత్నం, 7 - 3. అప్పటికి కార్నెల్ చాలాకాలంగా ఓటమి ఎరగదు. దేశంలో మొదటి వరసలో ఉన్నది. ఆట అయిపోయింది, రిఫరీ ఇచ్చేశాడు, ఇంటికి వెళ్లారు. తరువాత సినిమా రీలు తీసి చూసుకుంటే ప్రయత్నాలు ఐదు లెక్కకొచ్చాయి. రిఫరీ తన పొరపాటు ఒప్పుకున్నాడు. నిబంధన ప్రకారం ఫలితం మార్చే అధికారం అతనికిగాని మరెవరికిగాని లేదు. కార్నెల్ వాళ్లు డార్ట్‌మత్‌కు తంతి కొట్టారు: ఈ గెలుపు మీది అని. డార్ట్‌మత్ ఒప్పుకున్నది.

ఆ కుర్రాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. చెమటోడ్చి ఆడారు, తప్పు వాళ్లది కాదు, ఎవరూ అడగలేదు కూడా. పక్కింటావిడ పొరపాటున ఎక్కువిచ్చిన చిల్లర కాదు అది, రాక రాక వచ్చిన కీర్తి. అలాంటిది తిరిగి ఇవ్వాలంటే ముందు రీలు వేసి చూడాలి. చూసేటప్పుడు మనకు పోయినవి కాక, మనకు వచ్చినవి లెక్కపెట్టాలి. కార్నెల్ వాళ్లు చేసింది కూడా తప్పులు లెక్కపెట్టడమే. కాకపోతే తమ చేతిలో ఉన్న లాభంనుంచి మొదలుపెట్టారు.

మా అక్క కొడుకులాంటి పిల్లలు లెక్కలు రాయడం మానుకోనక్కరలేదు. పెద్దవాళ్లు ఇచ్చిన ప్రతి తీర్పునూ నోరుమూసుకుని ఒప్పుకోవాలని మనకు నేర్పిన తరం నేర్పింది చాలు. రాయండి నాయనా, వారం వారం రాయండి. వదిలేసినవీ రాయండి, పట్టనివీ రాయండి, లేచి నిలబడలేకపోయిన కుర్రాడి సంగతీ రాయండి. పేజీకి కుడివైపున ఒక గడి ఖాళీగా ఉంచి, దానిమీద 'మాకు ఊరికే వచ్చినవి' అని పేరు పెట్టండి. ఆ గడి సీజనంతా ఖాళీగానే ఉందంటే, అనుమానించవలసింది రిఫరీని కాదు.

డార్ట్‌మత్‌తో ఆ ఆట ఫలితం కార్నెల్ రికార్డుల్లో ఓటమిగానే ఉన్నది: 3 - 0. కలిపినవాళ్లూ లేరు, కొట్టేసినవాళ్లూ లేరు.